టక్కర్ చెరువు మీద ఆఖరి మంచుకోత

జనవరి నెల. వెర్మాంట్ కొండల్లో టక్కర్ వారి చెరువు గడ్డకట్టి రాయిలా ఉంది గానీ, గట్టు మీద బెర్నడీన్ మాత్రం పొద్దుటి నుంచీ కుతకుతా ఉడికిపోతోంది. టక్కర్ వారి పొలం ఇప్పుడు సర్కారుది. చలికాలంలో ఒకరోజు చెరువు మంచును పాతకాలం రంపాలతో కోసి జనానికి చూపిస్తారు. కోసేవాడు ఓబేదు అనే రైతు, పక్కన నిలబడి సాధించేది అతని పెళ్ళాం దొర్కా, కాలం 1840. చూసేవాళ్ళు ఎదురుగా ఉన్నంతసేపూ ఆ కాలం దాటి ఒక్క మాట మాట్లాడకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఓబేదు వేషం ఎల్డన్‌ది. దొర్కా వేషం ఒకప్పుడు ఎల్డన్ భార్యది; ఆవిడ పోయాక చెల్లెలు బెర్నడీన్ అందుకుంది. వేషం కడితే మొగుడూ పెళ్ళాం, విప్పితే బావా మరదలు. బావ మీద మరదలికి కోపం వస్తే ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా?

"నిజమా కాదా? ఒక్క మాట చెప్పు చాలు. నిజమా, కాదా? ఇదిగో, నిన్నే! బావా! ఆ రంపానికి పదును తర్వాత పెడుదువు గానీ, ఇటు తిరుగు!"

"అమ్మో! ఏంటే బెర్నీ, గుండె ఝల్లుమంది. వెనకనుంచి వచ్చి భుజం మీద అలా కొడతావేం?"

"కొట్టక ముద్దు పెట్టుకుంటారా? ఇప్పటికి మూడుసార్లు అడిగాను. ఉలకవు, పలకవు. ట్రూడీ చెప్పింది నిజమేనా అని."

"ఏంటీ? ఏమంటున్నావ్?"

"ఆహా, ఏమీ ఎరగని పసిపాప! వచ్చే ఏడాది నుంచి మంచుకోతకు రానన్నావట. ఇదే ఆఖరన్నావట."

"ముందు ఆ మఫ్లర్ మూతి మీంచి తియ్యి. 1840లో రైతు పెళ్ళాం అలా దొంగలా మూతి కట్టుకుని తిరిగేదా?"

"చూసేవాళ్ళు ఇంకా రాలేదు. పెదాలు పగిలి నెత్తురు కారుతోంది ఇక్కడ."

"తియ్యమన్నానా."

"తీశాను. ఇదిగో, తీశాను, చాలా? ఇప్పుడు చెప్పు. రానన్నావా?"

"అన్నాను."

"అన్నాడట! ఎంత నిమ్మకు నీరెత్తినట్టు అంటున్నాడో చూడు. ఆ మాట నాకు చెప్పాలని తోచలేదూ? పొద్దున్నే వచ్చి గౌను తొడుక్కుంటుంటే ఆ ట్రూడీ, 'పాపం బెర్నడీన్, మీకూ బాధగానే ఉండి ఉంటుంది' అంటుంది. దేనికి బాధ అంటాను నేను, పిచ్చిమొహంలా. మేనేజరు నోటివెంట వినాలా ఈ సంగతి?"

"చెబుదామనే అనుకున్నా."

"ఎప్పుడు? నన్ను పాతిపెట్టాకా?"

"అబ్బ, పొద్దున్నే అపశకునం మాటలు. రంపానికి పదును ఇంకా కాలేదు, జరుగు."

"జరగను. విను. నువ్వు మానేస్తే ఈ కోతే ఉండదు. మంచు ఎక్కడ గట్టిగా ఉందో ఎక్కడ బోలుగా ఉందో నీలా పట్టేవాడు ఈ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. మంచుకోత లేకపోతే చలికాలమంతా ఈ గేటుకు తాళమే. వచ్చే ఏడాది ఉందో లేదో సాయంత్రానికల్లా పైఆఫీసుకు చెప్పాలట ట్రూడీ. నువ్వెళ్ళి ఆ మాట వెనక్కి తీసుకో. ఇప్పుడే. కాళ్ళున్నాయిగా, నడు."

"చూద్దాంలే."

"చూద్దాంలే కాదు!"

"సరేలే."

"సరేలే ఏంటి? తీసుకుంటావా?"

"అదిగో, జనం వస్తున్నారు. కొప్పు మీద ఆ కుళ్ళాయి సరిగ్గా పెట్టుకో. వేషం, వేషం!"

"నీ వేషాలు తగలెయ్య. ఇది అయిపోనీ, నీ సంగతి చెబుతాను... ఓబేదూ! ఉదయకాలము నుండి నీ నిమిత్తము జావ కాచుకొని కనిపెట్టుచున్నాను. ఈ మంచు మీదికి నీవు పోవుట నాకు ఎంతమాత్రమును సమ్మతము కాదు!"

"దొర్కా, భయపడకుము. దేవుడు అనుగ్రహించిన చలిని మనము వ్యర్థపరచరాదు. అయ్యలారా, అమ్మలారా, సమీపించుడి! ఇదిగో, ఇది గునపము. అడుగడుగునకు దీనితో మంచును కొట్టి చూడవలెను. మంచి మంచు ఖంగున మ్రోగును. చెడ్డ మంచు తడిసిన కట్టెవలె బొద్దుమనును. కన్ను మోసపోవును గాని చెవి మోసపోదు."

"అబ్బో, ఎంత బాగా మాట్లాడుతున్నాడో! ఏమండీ ఓబేదు గారూ, మీకు చలి వేయదా?"

"వేయును తల్లీ. అయితే రంపము లాగువానికి మొదట వీపు, పిమ్మట చేతులు వెచ్చబడును."

"ఇంత మంచూ ఏం చేసుకుంటారండీ?"

"రంపపు పొట్టులో పాతిపెట్టెదము. ఆగస్టు మాసము వరకు కరగదు. మా పాలును వెన్నయు దానివలననే చెడిపోక యుండును."

"తాతా, తాతా! ఆ గుర్రం పేరేంటి?"

"ఇద్దరు మనుష్యులు ఒకని మీద ఒకడు నిలిచినంత లోతు, నాయనా. కాబట్టి ఈ తాడు దాటి పోరాదు."

"హహ్హహ్హ! గుర్రం ఇద్దరు మనుషుల లోతంట! భలే తాత!"

"ఓబేదూ, బాలుడు గుర్రము యొక్క నామము అడిగెను గదా. నీ చిత్తము ఎక్కడ నున్నది? ఓబేదూ! నా ముఖము చూడుము! గుర్రము!"

"ఆఁ, గుర్రమా. దాని పేరు బర్డాక్. ముసలిది, నావలెనే మొండిది."

"జనులారా, ఈ నా పెనిమిటిని మీరైనను అడుగుడి. ఈ చెరువును విడిచి పోవలెనని యోచించుచున్నాడు. కట్టుకొన్నదానితో ఒక్కమాటయైనను చెప్పలేదు!"

"అయ్యయ్యో, నిజమా? ఎందుకండీ వెళ్ళిపోవటం? ఇంత చక్కటి పొలం!"

"ఆఁ, ఆఁ. ఇప్పుడు ఎవరైనను రంపము పట్టుకొన గోరినయెడల ముందుకు రండి. చేతి తొడుగులు తీయకుడి."

"చూశావటే వదినా, ఎలా తప్పించుకుంటున్నాడో! మగాళ్ళు 1840లో కూడా ఇంతే!"

"ఎప్పుడైనా ఇంతే తల్లీ. ఎప్పుడైనను ఇంతే, అనగా... ఆది నుండియు వీరింతే."

"అమ్మా దొర్కా గారూ, మీరు ఊరుకోకండి. జావ మానెయ్యండి. రెండ్రోజులు ఆకలితో మాడితే నోరు అదే తెరుచుకుంటుంది."

"మంచి సలహా చెప్పితివి, నీకు దీవెన కలుగునుగాక. అదిగో, ఆ గుడారములో వేడి ఆపిల్ రసమును డోనట్లును ఉన్నవి. పోయి భుజించుడి."

గుంపు గట్టెక్కి గుడారం వైపు సాగింది. వాళ్ళ నవ్వులు అటు పోయాయో లేదో, బెర్నడీన్ నడుము మీద చేతులు పెట్టుకుని బావ ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏంటా పరధ్యానం? పిల్లాడు గుర్రం పేరడిగితే చెరువు లోతు చెబుతావా?"

"అందరూ మంచుతో ఏం చేస్తారని అడిగాక లోతే అడుగుతారు కదే. ఇన్నేళ్ళుగా అదే వరస."

"అంటే ఎదుటివాడు ఏమన్నా నీకు అక్కర్లేదన్నమాట. నోటికొచ్చిన పాఠం అప్పజెప్పేసి పోదామనే. మనసు విరిగిపోయింది నీకు ఈ పని మీద."

"అలాగే అనుకో."

"పని మీదేనా, మనుషుల మీద కూడానా? ఫోను చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే మాత్రం టక్కున జవాబు. నోటితో మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?"

"ఫోను ఎక్కడో పెట్టి మరిచిపోతాను."

"మెసేజ్‌కు మాత్రం కాళ్ళొచ్చి నీ చేతిలోకి వస్తుందేం? సరే, క్రిస్మస్ నాటి సంగతి చెప్పు. గుమ్మడికాయ తీపిరొట్టె చేసుకుని నీ గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు బాదీ బాదీ చేతులు వాచాయి. నువ్వు కిటికీలోంచి నాకు కనపడుతూనే ఉన్నావు! కుర్చీలో, నాకు వీపు పెట్టి, రాజుగారిలా! తల కూడా తిప్పలేదు. ఆ రొట్టెను మెట్ల మీద మంచులో పెట్టి, దారంతా ఏడుస్తూ ఇంటికి పోయాను."

"ఆ రొట్టె నువ్వు పెట్టావా? నేను లోయిస్ అనుకున్నా."

"లోయిసా! ఆ గిన్నెల లోయిసా! పెళ్ళాం పోయిన మగాడు కనపడితే చాలు, ఉడకేసిన మాకరోనీ మోసుకుని బయల్దేరుతుంది. నా రొట్టె తిని ఆవిడకు కృతజ్ఞతలు చెప్పావా నువ్వు?"

"చెప్పాను."

"హమ్మ! ఏమంది?"

"నవ్వింది."

"నవ్వదూ మరి! ఊరికే వచ్చిన పుణ్యం. ఇప్పుడర్థమైంది. మంచుకోత ఎందుకు చేదైందో ఇప్పుడర్థమైంది. లోయిసేనా కారణం?"

"ఛ, లోయిస్ గొడవెందుకు మధ్యలో? ఫ్లోరిడా పోదామనుకుంటున్నా."

"ఎవరు?"

"నేను."

"నువ్వు? ఫ్లోరిడా? జూన్ నెల వస్తేనే గొర్రెలా రొప్పుతావు నువ్వు! మా అక్క నిన్ను ఒక్కసారి సముద్రానికి తీసుకెళితే, గొడుగు కింద కూర్చుని ఇంటికి పోదాం ఇంటికి పోదాం అని చంటిపిల్లాడిలా ఏడ్చావట."

"అలవాటవుతుంది."

"అబద్ధం. నా మొహం చూసి చెప్పు, అబద్ధం."

"నీ మొహమే చూస్తున్నా కదే. పొద్దుటినుంచీ నీ మొహమే చూస్తున్నా."

"ఏడ్చినట్టుంది. అసలు మొహం చూస్తుంటే నేను చెప్పదలుచుకున్న మాట గొంతు దాటి రావటం లేదు. నేను అటు తిరిగి చెబుతాను. విను, మధ్యలో ఏమీ అనకు. బావా... అక్క పోయినప్పుడు ఈ గౌను తొడుక్కోవటానికి నేనెందుకు ఒప్పుకున్నానో నీకు తెలీదు. నాకు జనంలో మాట్లాడటమంటే ఒళ్ళు వణుకు, నీకు తెలుసుగా. అయినా ఒప్పుకున్నాను. ఈ గౌను తొడుక్కుని ఈ మాటలంటుంటే అక్క నా నోట్లోంచి మాట్లాడుతున్నట్టుంటుంది. నువ్వు 'దొర్కా, భయపడకుము' అంటే అది నాకే అంటున్నావనిపిస్తుంది. నాకిక ఎవరున్నారు చెప్పు? ఏడాదికి ఈ ఒక్కరోజు, ఈ చెరువు, నువ్వూ. అంతే. ఇది కూడా తీసేస్తే నేను ఆ ఇంట్లో గోడలు చూస్తూ ఎండిపోతాను. అర్థమైందా? అందుకని అడుగుతున్నాను. బతిమాలుతున్నాను అనుకో. మానకు."

"ఆ బుట్టలో పట్టకారు ఉందా? అటే ఉన్నావుగా, కాస్త ఇలా అందుకో."

"...ఏమన్నావ్?"

"పట్టకారు. మంచుగడ్డలు పైకి లాగేది. ఏంటే, అలా చూస్తావేం?"

"పట్టకారా! నేను నా గుండె కోసి నీ ముందు పెడితే నీకు పట్టకారు కావాలా! దున్నపోతు మీద వాన కురిస్తే అదైనా తోక ఆడిస్తుంది కదరా భగవంతుడా! ఇదిగో నీ పట్టకారు! ఇదిగో నీ బుట్ట! తీసుకుని ఫ్లోరిడా పో, మొసళ్ళకు మంచు కోసి పెట్టు!"

"బెర్నీ, బెర్నీ, ఏమైందే? ఏమన్నావు అసలు? మళ్ళీ ఒకసారి చెప్పు."

"చెప్పను! చచ్చినా చెప్పను. అలాంటి మాట మనిషి ఒక్కసారే చెబుతాడు!"

"ఎల్డన్ గారూ! బెర్నడీన్ గారూ! ఏంటండీ ఇది? మీ అరుపులు డోనట్ల గుడారం దాకా వినిపిస్తున్నాయి. అక్కడొకాయన, ఇది కూడా నాటకంలో భాగమేనా అని అడుగుతున్నాడు."

"రా ట్రూడీ, సమయానికొచ్చావు. మేనేజరువి కదా, నువ్వే అడుగు ఈ మహానుభావుణ్ణి."

"అడిగి అడిగి అలిసిపోయానండీ. దాని సంగతి సాయంత్రం చూద్దాం. ఇప్పుడు బడిపిల్లలు వస్తున్నారు, రెండు బస్సులు. అన్నాలు తినగానే ఇక్కడికి తెస్తాను. ఎల్డన్ గారూ, ఈ గట్టు పక్కన చాలదు. అవతలి ఒడ్డున పెద్ద కోత పెడదాం, పాతరోజుల్లోలా కాలవ కోసి గడ్డలు తేలుస్తూ తీసుకొద్దాం. పిల్లలు అది చూడాలి."

"అటు వద్దు."

"ఎందుకండీ? పొద్దున్నే మా కుర్రాళ్ళు బెజ్జాలు వేసి కొలిచారు. అటు ఇక్కడికన్నా మందంగానే ఉంది. గుర్రాన్ని కూడా మోస్తుంది."

"బెజ్జం వేసిన చోట ఉంటుంది. పక్కన మూరెడు దూరంలో ఉండకపోవచ్చు. అటు అడుగున ఊట ఉంది. ఊట ఏ ఏడు ఎటు తిరుగుతుందో బెజ్జాలు చెప్పవు."

"మరి మీరు గునపం పట్టుకుని వెళ్ళి చూడండి. ప్రతి ఏడూ చూసేవారు కదా. మీరు సరేనంటే సరే."

"నేను సరేననను."

"చూడకుండానే?"

"చూడకుండానే."

"చూశారా బెర్నడీన్ గారూ! నిరుడూ ఇంతే. అటు పోనివ్వలేదు. ఈ ఏడు ఇంకా దగ్గరికి జరిగారు. మోకాల్లోతు నీళ్ళ మీద మంచుకోత చూపించటమంటే స్నానాల తొట్టిలో చేపలు పట్టటమే! జనం నవ్వుకుంటున్నారు. ఎల్డన్ గారూ, మీరు మానదలుచుకుంటే మానండి. పోయేముందు దీన్ని చంపి పోవటం ఎందుకు?"

"చంపటం కాదు, ట్రూడీ."

"మరేంటో చెప్పండి!"

"చెప్పటానికేం లేదు. పిల్లల్ని అటు తీసుకెళ్ళను. ఇక్కడ పడినా తడుస్తారు, అంతే. అక్కడ పడితే తల్లులకు నేను సమాధానం చెప్పలేను."

"సరే. ఇక నావల్ల కాదు. ఇప్పుడే ఫోను చేసేస్తాను పైఆఫీసుకు, వచ్చే ఏడాది లేదని. సాయంత్రం దాకా ఎందుకు?"

"ట్రూడీ, ఆగు. ట్రూడీ! ఒక్క పావుగంట ఆగమ్మా, నేను ఒప్పిస్తాను. ఒక్క పావుగంట!"

"పిల్లలు తినటం అయ్యేదాకా ఆగుతాను బెర్నడీన్ గారూ. మీ మొహం చూసి."

"పోయింది. విన్నావా, ఏం చేయబోతుందో? విన్నావా?"

"విన్నాను. చెయ్యనీ."

"చెయ్యనీ అట. ఇటియ్యి ఆ గునపం."

"దేనికి?"

"ఇటియ్యి! నీకు వెళ్ళటానికి కాళ్ళు రాకపోతే నేనే వెళతాను. ఇన్నేళ్ళు నీ పక్కన నిలబడ్డాను. కొట్టటం చూశాను, మోగటం విన్నాను. అవతలి ఒడ్డుదాకా కొట్టుకుంటూ పోయి, గట్టిగా ఉందని నీకూ ట్రూడీకీ చూపిస్తాను. అప్పుడేం సాకు చెబుతావో చెప్పు."

"బెర్నీ, వద్దు. అది ఆడుకునే వస్తువు కాదు."

"వదులు. వదలమన్నానా!"

"సరే పో, పోయేదానివి ఈ తాడు నడుముకు బిగించుకుని పో. గట్టిగా ముడి వెయ్యి. ఈ కొస నా దగ్గరుంటుంది. పది అడుగులు వేసి వచ్చెయ్యి."

బెర్నడీన్ గౌను పైకి దోపుకుని మంచు మీద అడుగు పెట్టింది. ముందుకు చూస్తూ, గునపంతో కొడుతూ, అంత దూరం నుంచే అరుస్తూ నడుస్తోంది.

"ఇదిగో! ఖంగుమంది! విన్నావా?"

"చాలు, వచ్చెయ్యి!"

"ఇక్కడా ఖంగే! చర్చి గంటలా ఉంది! ఏదీ నీ ఊట?"

"పది అడుగులన్నానా, వెనక్కి రా!"

"మోగుతుంటే వెనక్కెందుకు రావాలి? నువ్వు చెప్పిన పాఠమే కదా, చెవి మోసపోదని! ఇదిగో ఇక్కడ కూడా... విను, విను! ఆహా, ఎంత బాగుందో! ఒప్పుకో ఇకనైనా!"

"బెర్నీ! తాడు అయిపోతోంది!"

"ఇంకా ఉంది! ఇదిగో, ఈ పక్కన... అదేంటి? బావా, ఇక్కడ చప్పుడు వేరేగా వచ్చింది."

"వచ్చెయ్యమంటుంటే వినపడదా నీకు!"

"వస్తాను, ఒక్క నిమిషం. బొద్దుమంది. ఆ పక్కనా బొద్దే. బావా, ఇది చెడ్డదేనా? నువ్వక్కణ్ణుంచి విన్నావుగా, చెప్పు. చెడ్డదేనా?"

"మంకుపట్టు పట్టకు! రా!"

"బావా, కాళ్ళ కింద ఏదో అవుతోంది. సన్నగా చిటపటమంటోంది. ఆవాలు వేయించినట్టు. విను. విన్నావా? ఎటు పోను? ముందుకా, వెనక్కా?"

"ఇంకా నిలబడ్డావేంటి, కదులు!"

"ఎటు కదలను? అదే కదా అడుగుతున్నా! వచ్చిన దారినే అడుగు వేస్తే ఇంకా ఎక్కువ అరుస్తోంది! అదిగో! ఇంత పెద్దగా అరుస్తుంటే కూడా నీకు పట్టదా? బావా! నాకు భయంగా ఉంది. కోపం లేదు, ఏమీ లేదు. ఎటో చెప్పు. బావా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఎటో ఒక్క మాట చెప్పు!"

"బెర్నీ! ఆగు. కాళ్ళు కదపకు. ఏదో అంటున్నావు. మొహం ఒక్కటి ఇటు తిప్పు. మెల్లగా. నీ మొహం కనపడకపోతే నువ్వేమంటున్నావో నాకు తెలీదు!"

"...ఏమన్నావ్?"

"ఆ కుళ్ళాయి అంచు పక్కకు తొయ్యి, నోరు కనపడేలా. హా, ఇప్పుడు చెప్పు."

"చిట్లుతోంది అన్నాను. ఇందాకట్నించీ అరుస్తున్నాను. బావా... నీకు వినపడదా?"

"నిరుటి చలికాలం నుంచీ. ముందు మంచు చప్పుడు పోయింది, తర్వాత మనుషులది. పెదాలు చూసి నెట్టుకొస్తున్నా. ఖంగుమన్నదో బొద్దుమన్నదో తెలియనివాడు పసిపిల్లల్ని ఎక్కడికని తీసుకుపోతాడే?"

"అయ్యో బావా. అయ్యో. ఆ తలుపు... ఆ పట్టకారు..."

"ఇప్పుడు ఏడవకు బెర్నీ, ఏడిస్తే నీ పెదాలు వణుకుతాయి, నాకు మాట అందదు. తాడు నేను పట్టుకునే ఉన్నాను. గునపం ఎత్తి నీ ఎడమ పక్క మెల్లగా తట్టు, ఏం వినిపించిందో నాకు చెప్పు."